సౌరఘటాల సిరా నిలవ ఉండేదెట్లా?

సౌదీ అరేబియా పేరు వినగానే ఎవరికైనా మొదట స్ఫురించేది చమురు. అక్కడ కొన్నేళ్లు ఉద్యోగం చేసి వచ్చిన తెలుగువారిని అడిగితే మాత్రం ముందుగా ఎండ గురించి చెబుతారు. ఆ ఎండను విద్యుత్తుగా మార్చుకోవాలన్న తలంపు ఆ దేశానికి కొత్తది కాదు. 1980 ప్రాంతంలోనే అమెరికాతో కలిసి చేపట్టిన 'సోలెరాస్' పథకం కింద, రియాద్ సమీపంలోని ఉయైనా వద్ద 350 కిలోవాట్ల సౌరవిద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పి చుట్టుపట్ల పల్లెలలో దీపాలు వెలిగించారు. ఆనాటికి అది ప్రపంచంలోని పెద్ద సౌరకేంద్రాలలో ఒకటి. నాలుగు దశాబ్దాల అనంతరం దేశపు ఉత్తర భాగాన సకాకాలో 300 మెగావాట్ల కేంద్రం, రియాద్‌కు ఎగువన సుదైర్‌లో 1,500 మెగావాట్ల కేంద్రం వెలిశాయి. 2030 నాటికి దేశపు విద్యుత్తులో సగభాగాన్ని పునరుత్పాదక వనరుల నుండి పొందాలన్నది అక్కడి ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం.

ఈ కేంద్రాలలో పరచినవి సిలికాన్ పలకలు. సిలికాన్‌కు ముడిసరకు ఇసుక జాతిదే అయినా, దానిని సౌరఘటంగా మలచడం తేలిక కాదు. మిక్కిలి శుద్ధి చేసి, 1,400 డిగ్రీల సెంటీగ్రేడును మించిన వేడిలో కరగించి, స్ఫటికంగా పెంచి, బిళ్లలుగా కోయవలె. దీనికి భిన్నంగా, ఒక రసాయన ద్రావణాన్ని గాజుపై పలుచగా పూసి, వంటింటి పొయ్యి పాటి వేడిపై ఆరబెట్టి సౌరఘటాన్ని తయారుచేయగలిగితే ఎట్లుంటుంది? ఇది ఊహ కాదు, ప్రయోగశాలలలో నిత్యం జరుగుతున్న పనే.

జెడ్డా నుండి రాబిగ్‌కు పోయే దారిలో, ఎర్రసముద్రపు ఒడ్డున తువల్ అనే ఊరు కలదు. ఒకప్పుడు చేపలు పట్టేవారి పల్లె. 2009 సెప్టెంబరులో అక్కడ కింగ్ అబ్దుల్లా శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. ఈ కొత్తరకం సౌరఘటాలపై పరిశోధన జరుగుతున్న ముఖ్యకేంద్రాలలో అది నేడు ఒకటి. ఇటువంటి ప్రయోగశాలలో బల్లపై కనిపించేది, బొటనవేలంత గాజుసీసాలో పసుపుపచ్చని ద్రవం. పరిశోధకులు దానిని ముద్దుగా 'సిరా' అంటారు. ఆ సిరాకు ఒక గుణముంది, అది ముసలిదవుతుంది. ఉదయం కలిపిన సిరాతో చేసిన ఘటం చక్కగా పనిచేస్తుంది. అదే సీసాలోని సిరాతో కొన్ని రోజుల తర్వాత చేసిన ఘటం చతికిలబడుతుంది. ఆ నడుమ సీసాలో ఏమి జరిగిందన్న ప్రశ్న చిన్నదిగా కనిపించినా, ఈ ఘటాలు కర్మాగారానికి చేరడం, చేరకపోవడం కొంతవరకు దాని జవాబుపైనే ఆధారపడి ఉంది.

ఒక ఖనిజం పేరు, ఒక సిరా పుట్టుక

1839లో గుస్తావ్ రోజ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు రష్యాలోని ఉరల్ పర్వతాల నుండి వచ్చిన ఒక ఖనిజాన్ని పరీక్షించి, లెవ్ పెరోవ్‌స్కీ అనే రష్యన్ ప్రముఖుని పేరిట దానికి 'పెరోవ్‌స్కైట్' అని నామకరణం చేశాడు. అది కాల్షియం, టైటానియం, ఆక్సిజన్‌ల సమ్మేళనం. దానిలో పరమాణువులు అమరిన తీరే మరెన్నో పదార్థాలలోనూ కనిపించడం వలన, ఆ అమరిక కలిగిన వాటినన్నిటినీ పెరోవ్‌స్కైట్‌లనే పిలుస్తున్నారు. సౌరఘటాలలో వాడేవి ఉరల్ ఖనిజానికి చాలా దూరపు చుట్టాలు. వీటిలో సీసం, అయొడిన్ లేక బ్రోమిన్, వాటితోపాటు ఒక ధనావేశపు అయాను ఉంటాయి. ఆ అయాను సాధారణంగా మిథైల్ అమోనియం, లేదా ఫార్మమిడినియం, లేదా సీజియం. చాలా ఘటాలలో ఈ మూడూ కలగలిసే ఉంటాయి.

2009లో జపానులోని తోయిన్ విశ్వవిద్యాలయంలో మియాసకా బృందం తొలిసారిగా ఈ పదార్థంతో సౌరఘటాన్ని చేసి చూపింది. అది ఎండలోని శక్తిలో 3.8 శాతాన్ని మాత్రమే విద్యుత్తుగా మార్చింది. పైగా ఘటంలోని ద్రవమే ఆ పదార్థాన్ని నిమిషాలలో కరిగించివేసేది. 2012లో ఆ ద్రవానికి బదులు ఘనపదార్థాన్ని అమర్చిన తర్వాత సామర్థ్యం 10 శాతం దరిదాపులకు వచ్చింది; తర్వాతి పుష్కరకాలంలో 26 శాతాన్ని దాటింది. సిలికాన్ ఈ దూరాన్ని నడవడానికి అర్ధ శతాబ్దం పట్టింది.

ఈ వేగానికి మూలం సిరాయే. సీసపు అయొడైడ్‌ను, తక్కిన లవణాలను డైమిథైల్ ఫార్మమైడ్, డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రావణులలో కలుపుతారు. మిల్లీలీటరు ద్రావణిలో దాదాపు గ్రాము లవణం కరిగి ఉంటుంది. అంటే ఇది ముదురుపాకం వంటిది. వేగంగా తిరిగే గాజుబిళ్లపై దీని చుక్కలు వేస్తారు. బిళ్ల తిరుగుతుండగా, సరిగ్గా ఎంచుకున్న క్షణంలో, లవణాలను కరిగించని మరొక ద్రవాన్ని దానిపై ఒలకబోస్తారు. అంతవరకు కరిగి ఉన్న లవణాలు ఒక్కసారిగా స్ఫటికమవుతాయి. ఆపైన 100 నుండి 150 డిగ్రీల వేడిపై ఆరబెడితే నల్లని, నిగనిగలాడే పొర మిగులుతుంది. ఆ పొర మందం సుమారు అర మైక్రాను. తలవెంట్రుక మందంలో నూరో వంతు కూడా ఉండదు.

పాకం పట్టడంలో అనుభవమున్న గృహిణికి ఇక్కడి ఇబ్బంది వెంటనే బోధపడుతుంది. అరిసెల పాకం క్షణం అటూ ఇటూ అయితే పిండి చేతికి రాదు. ఇక్కడ ఆ క్షణాన్ని నిర్ణయించేది సిరాలో అయానులు ఏ రూపంలో ఉన్నాయన్నది. సిరా కొంచెం మారితే స్ఫటికాలు వేరొక వేగంతో, వేరొక పరిమాణంలో పుడతాయి. పొరలో సూదిమొనంత రంధ్రాలు పడతాయి. లేదా నల్లని పెరోవ్‌స్కైట్‌కు బదులు, విద్యుత్తుకు పనికిరాని పచ్చని స్ఫటికం తయారవుతుంది. ముఖ్యంగా ఫార్మమిడినియం సీసపు అయొడైడ్‌కు ఈ ద్వంద్వస్వభావం ఉంది. గది ఉష్ణోగ్రత వద్ద దానికి సహజమైన రూపం ఆ పచ్చనిదే. నలుపును నిలపడానికి మానవ ప్రయత్నం కావాలి.

వేడిచేస్తే పేరుకునే విచిత్రం

తువల్ పరిశోధకుల తొలి పేరుపొందిన ఆవిష్కరణలలో ఒకటి ఈ ద్రావణాల స్వభావానికి సంబంధించినదే. అది 2015 నాటిది. ఉస్మాన్ బక్ర్ ప్రయోగశాలలో మఖ్సూద్ సైదామినోవ్, అతని సహచరులు ఈ సిరాలను వేడిచేసి చూశారు. కళాశాల రసాయనశాలలో సీసపు అయొడైడ్‌తో 'బంగారు వాన' ప్రయోగం చేసినవారికి గుర్తుండే ఉంటుంది. వేడినీటిలో కరిగిన ఆ లవణం, నీరు చల్లారేకొద్దీ బంగారు రేకుల వలె జలజలా రాలుతుంది. పటికబెల్లం కట్టేదీ చల్లారే పాకంలోనే. సాధారణ నియమం అది. వేడి కరిగిస్తుంది, చలి గడ్డకట్టిస్తుంది. తువల్‌లో ఇందుకు తలక్రిందులైన ఫలితం కనబడింది. మిథైల్ అమోనియం సీసపు బ్రోమైడ్‌ను డైమిథైల్ ఫార్మమైడ్‌లో కరిగించి 80 డిగ్రీలకు వేడిచేస్తే, చల్లగా ఉన్నప్పుడు తేటగా ఉన్న ద్రావణంలో నారింజ రంగు స్ఫటికాలు మొలిచాయి. అయొడైడ్‌కు గామా బ్యుటిరోలాక్టోన్ అనే వేరొక ద్రావణి, 110 డిగ్రీల వేడి కావలసివచ్చాయి. అంతకుముందు పద్ధతులలో రోజులు, వారాలు పట్టిన మిల్లీమీటర్ల పరిమాణపు స్ఫటికాలు గంటలలోనే పెరిగాయి. చల్లబరిస్తే అవి మళ్లీ కరిగిపోయాయి.

ఇటువంటి 'విపరీత ద్రావణీయత' ప్రకృతిలో లేనిదేమీ కాదు. తాంబూలానికి వాడే సున్నం చన్నీటిలో కరిగినంతగా వేడినీటిలో కరగదు. సున్నపు తేటను కాచితే మసకబారేది అందువల్లనే. సౌదీ తీరం వెంబడి సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కేంద్రాలలో పనిచేసిన తెలుగు సాంకేతిక నిపుణులు ఎందరో ఉన్నారు. వారికి ఇది రోజువారీ తలనొప్పి. ఉప్పునీటిని కాచి ఆవిరిపట్టే పద్ధతిలో వేడి పెరిగేకొద్దీ కాల్షియం సల్ఫేట్ కరిగి ఉండలేక గొట్టాల లోపలి గోడలకు పెచ్చులా పట్టుకుంటుంది. గొట్టాలను పాడుచేసే ఆ గుణాన్నే తువల్ ప్రయోగశాల స్ఫటికాలను పెంచే ఉపాయంగా మలచుకున్నది. 2020లో అదే బృందం, ప్రొపిలీన్ కార్బొనేట్ అనే మరొక ద్రావణిని కలిపి, స్ఫటికీకరణకు కావలసిన వేడిని 90 డిగ్రీల లోపుకు దించింది. అట్లా పెంచిన ఏకస్ఫటికపు ఘటం 21.9 శాతం సామర్థ్యాన్ని చూపింది.

ఈ ఆవిష్కరణను స్ఫటికాలు త్వరగా పెంచే చిట్కాగానే చాలామంది స్వీకరించారు. దానిలోని అసలు విశేషం వేరు. సీసాలోని ద్రవం నీటిలో ఉప్పు కరిగినట్టి సాదా ద్రావణం కాదని అది చాటింది. ద్రావణి అణువులు సీసపు అయానులను పట్టుకొని ఉంటాయి. వేడి తగిలితే ఆ పట్టు సడలుతుంది. అప్పుడు సీసం తన హాలోజన్ చుట్టాలతో జతకట్టి స్ఫటికమవుతుంది. మరికొన్ని ప్రయోగశాలల పరిశీలనలలో, సిరాలో లవణాలన్నీ విడివిడి అయానులుగా లేవని, నానోమీటర్ల నుండి మైక్రానుల వరకు పరిమాణం గల కొల్లాయిడ్ కణాలుగా ఒకదానినొకటి అంటిపెట్టుకొని ఉన్నాయని తేలింది. కంటికి తేటగా కనిపించే సిరాలో లేజరు కిరణాన్ని ప్రసరింపజేస్తే అది చెదరిపోవడం ఇందుకు సాక్ష్యం.

2016లో ఆక్స్‌ఫర్డ్‌లో పబిత్ర నాయక్, హెన్రీ స్నెయిత్‌ల బృందం ఈ కథను మరొక మలుపు తిప్పింది. ఆమ్లాన్ని చేర్చితే ఈ కొల్లాయిడ్‌లు విచ్ఛిన్నమవుతాయని, వాటిలో బందీగా ఉన్న అయానులు విడుదలై ద్రావణం అతిసంతృప్తమవుతుందని, అందువల్లనే స్ఫటికాలు చకచకా పెరుగుతాయని వారు చూపారు. నాయక్ తర్వాత హైదరాబాదు గోపనపల్లిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో ఇదే రంగంలో పరిశోధన కొనసాగించారు. వారు వాడిన ఆమ్లాలలో ఒకటి ఫార్మిక్ ఆమ్లం, అనగా చీమ కుట్టినప్పుడు మంటపుట్టించేది. సిరాలోని ద్రావణియైన డైమిథైల్ ఫార్మమైడ్, కొద్దిపాటి తేమ తగిలినా మెల్లమెల్లగా జలవిశ్లేషణ చెంది ఈ ఆమ్లాన్నే పుట్టిస్తుంది. అంటే ఎవరూ చేర్చకపోయినా, నిలవ ఉన్న సిరాలో ఆమ్లం తనంతట తానే చేరుతున్నదన్నమాట.

సీసాలో ఏమి జరుగుతుంది?

సిరా ముసలిదవడానికి మార్గాలు ఒకటికి మించి ఉన్నాయి.

పైన చెప్పిన ద్రావణి విశ్లేషణ వాటిలో ఒకటి. ఆమ్లంతోపాటు డైమిథైల్ అమీన్ కూడా పుడుతుంది. అది అయానుగా మారి, పిలవని పేరంటానికి వచ్చినట్లు స్ఫటికంలో చోటుచేసుకొంటుంది. ఎర్రసముద్రపు ఒడ్డున గాలిలో తేమ ఎంత దట్టంగా ఉంటుందో జెడ్డాలో ఒక వేసవి గడిపినవారికి చెప్పనవసరం లేదు. కనుకనే సిరా కలిపేపనిని నైట్రోజన్ నింపిన గాజుపెట్టెలలో, పెట్టెకే బిగించిన రబ్బరు తొడుగులలో చేతులుంచి చేస్తారు.

రెండవది అయొడిన్‌కు సంబంధించినది. సిరాలోని అయొడైడ్ అయానులు ఆక్సిజన్, వెలుతురు తగిలితే ఆక్సీకరణం చెంది అయొడిన్‌గా మారతాయి. లేత పసుపు సిరా నారింజకు, ఆపై ఎరుపుకు తిరుగుతుంది. ఇది సీసాలోనే కాదు, సిరా కలపక మునుపు డబ్బాలో పొడిగా ఉన్న లవణంలోనూ జరుగుతుంది. తెల్లగా ఉండవలసిన పొడి పచ్చబడి ఉంటే అది చెడిపోవడం మొదలైనట్లే. ఒకే కంపెనీ సరకు, ఒకే కొలతలు, ఒకే పద్ధతి. అయినా ఒక పరిశోధకునికి వచ్చిన ఫలితం మరొకరికి రాకపోవడానికి ఇటువంటి కారణం ఉండవచ్చునని చాలాకాలం ఎవరూ అనుమానించలేదు. చేయితిరగనితనం అని యువ పరిశోధకులనే తప్పుపట్టారు.

మూడవది అన్నిటికన్నా మోసకారి. మిశ్రమ సిరాలలో మిథైల్ అమోనియం, ఫార్మమిడినియం ఇరుగుపొరుగుగా ఉంటాయి. మిథైల్ అమోనియం ఒక ప్రోటానును వదులుకుంటే మిథైల్ అమీన్ అవుతుంది. ఆ అమీన్ ఊరుకోదు. ప్రక్కనున్న ఫార్మమిడినియంపై దాడిచేసి, దానిలోని అమోనియాను వెడలగొట్టి, ఆ స్థానంలో తాను కూర్చుంటుంది. ఫలితంగా పుట్టేది మిథైల్ ఫార్మమిడినియం అనే కొత్త అయాను. ఇది స్థూలకాయం, పెరోవ్‌స్కైట్ గూటిలో ఇమడదు. పైగా నల్లని స్ఫటికానికి బదులు పచ్చనిదానిని ప్రోత్సహిస్తుంది. ఈ చర్యవలన సిరా రంగు మారదు, అడుగున మడ్డి పేరుకోదు. చూపుకు సిరా కలిపిననాటిదే. చైనాలోని చింగ్‌తావ్ నగరానికి చెందిన పాంగ్ షుపింగ్ బృందం ఈ చర్యను 2020లో పట్టుకొని వివరించింది. అందుకు అణుకేంద్ర అయస్కాంత అనునాదం వంటి సూక్ష్మ పరీక్షలు అవసరమయ్యాయి.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి నిలవ అన్నదే దోషమని అనుకోరాదు. కొన్ని సిరాలకు కొద్దిగంటల నిలవ మేలుచేసిన సందర్భాలూ ఉన్నాయి. కలిపిన వెంటనే కొల్లాయిడ్ కణాలు పెద్దవిగా, అసమానంగా ఉండి, కొంతసేపటికి సర్దుకుంటాయి. ఆవకాయ కలిపిన మూడవనాడు తిరగకలిపితేగాని ఊట సరిగా రాదు. అదే జాడీలో తడిగరిటె పెడితే నెల తిరగకుండా బూజు పడుతుంది. ఊరడమూ, పాడవడమూ రెండూ కాలం చేసే పనులే అయినా అవి వేరువేరు రసాయన చర్యలు. సిరా విషయంలోనూ ఈ రెంటినీ విడదీసి చూడటం ఆలస్యంగా జరిగింది. ఫలానా సిరా నిలవ మంచిదని ఒకరు, చెడ్డదని మరొకరు వ్రాసిన తొలినాటి వ్యాసాలలో ఎవరూ అబద్ధమాడలేదు. ఒక్కొక్కరి సిరా ఒక్కొక్క పాళ్లలో కలిపినది, అంతే.

ఉపాయాలు

గులాబ్‌జామ్‌ల పాకంలో రెండు చుక్కల నిమ్మరసం పిండే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. నిమ్మలోని ఆమ్లం చక్కెరలో కొంత భాగాన్ని గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. అవి అడ్డుపడటం వలన పాకం గడ్డకట్టదు. సిరాను కాపాడే ఉపాయాలలో మొదటి రకం ఇటువంటిదే. ఏదో ఒకటి చిటికెడు కలపడం. చింగ్‌తావ్ బృందం ట్రై ఇథైల్ బోరేట్ అనే ద్రవాన్ని కలిపింది. అది మిథైల్ అమోనియం తన ప్రోటానును వదలకుండా చేస్తుంది. అమీన్ పుట్టదు, దాడి మొదలు కాదు. ఈ ఎంపికలోని తెలివి మరొకచోట ఉంది. ఆ ద్రవం 120 డిగ్రీల లోపే మరిగిపోతుంది. కనుక పొరను ఆరబెట్టేటప్పుడు ఆవిరై వెళ్లిపోతుంది. సీసాలో కాపలా కాసి, పొరలో ఆనవాలు మిగల్చదు. కలిపిన ప్రతి మందూ చివరకు ఘటంలో ఉండిపోయి ఏదో ఒక చికాకు తెచ్చిపెట్టే ఈ రంగంలో ఇది మెచ్చదగిన గుణం.

అయొడిన్ బెడదకు మందు వేరు. ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయంలో జిన్‌సాంగ్ హువాంగ్ బృందం 2021లో బెంజైల్ హైడ్రజీన్ హైడ్రోక్లోరైడ్ అనే క్షయకరణిని కలిపి, పుట్టిన అయొడిన్‌ను తిరిగి అయొడైడ్‌గా మార్చింది. కొంత చెడిన సరకును సైతం ఇది దారికి తెస్తుంది. ఒకే రకం ఘటాల మధ్య ఎచ్చుతగ్గులు బాగా తగ్గడం ఈ పనిలోని ముఖ్యఫలితం.

రెండవ రకం ఉపాయం జగడం మూలాన్నే తొలగించడం. మిథైల్ అమోనియం లేకుండా, ఫార్మమిడినియం, సీజియంలతోనే సిరా కలిపితే అమీన్ దాడికి అవకాశమే ఉండదు. మిథైల్ అమోనియం వేడికి త్వరగా ఎగిరిపోయే గుణం కలది కనుక, ఎడారి దేశాలలో పెట్టవలసిన పలకలకు ఈ మార్గం మరింత నప్పుతుంది. అయితే పొరను దోషం లేకుండా పూయడం కొంత కష్టమవుతుంది. తొలిరోజులలో మిథైల్ అమోనియంను అంతగా వాడింది అది పని సులువు చేస్తుందనే.

మూడవ మార్గం తువల్‌లో వెలువడిన ఆవిష్కరణకు దగ్గరి బంధువు. లవణాలను పొడులుగా కొని నేరుగా సిరాలో కలపడానికి బదులు, ముందుగా వాటితో పెరోవ్‌స్కైట్ స్ఫటికాలను పెంచి, వడగట్టి, ఎండబెట్టి దాచుకుంటారు. అవసరమైననాడు కావలసినంత తూచి ద్రావణిలో కరిగిస్తారు. స్ఫటికం పెరిగేటప్పుడు మలినాలను చాలావరకు బయటే వదిలేస్తుంది. సీసం, అయొడిన్‌ల నిష్పత్తి తూకపు పొరపాట్లతో నిమిత్తం లేకుండా సరిగా కుదురుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, నిలవ చేయవలసినది ద్రవం కాదు, స్ఫటికం. పప్పు నానబెట్టి రుబ్బిన పిండి రెండు రోజులుంటే గొప్ప. అదే పప్పు డబ్బాలో ఏడాది ఉంటుంది. ఇప్పుడున్న మార్గాలలో కర్మాగారపు అవసరాలకు నిజంగా సరిపడేది ఇదేననిపిస్తుంది. మందులు కలపడం రోగం వచ్చాక చేసే వైద్యం వంటిది. ఒక అదనపు మెట్టు, దాని ఖర్చు ఇందులో ఉన్నమాట నిజమే. అయినా వేడిచేస్తే స్ఫటికాలు వాటంతట అవే దిగివచ్చే ద్రావణాలు చేతిలో ఉండగా ఆ ఖర్చు భరించలేనిది కాకపోవచ్చు.

సిరా అవసరమే లేకుండా, లవణాలను శూన్యంలో ఆవిరిచేసి పొరగా దింపే పద్ధతి కూడా ఉంది. దానికి కావలసిన యంత్రాలు వేరు, వాటి ధర వేరు. అది మరో వ్యాసానికి తగిన విషయం.

చుక్క నుండి తొట్టెకు

ప్రయోగశాలలో ఒక ఘటానికి కావలసిన సిరా కొద్ది చుక్కలే. తిరిగే బిళ్ల మీద పోసిన దానిలో చాలాభాగం అంచుల నుండి చిమ్మి వృథా అవుతుంది. వేలెడంత ఘటానికి ఇది సరే. కిటికీ తలుపంత పలకకు కుదరదు. అక్కడ స్లాట్ డై అనే పరికరం కావాలి. సన్నని చీలిక గుండా సిరా ఒక పలుచని తెరలా జారుతుంటే, దాని కింద గాజు సమవేగంతో కదులుతుంది. 2020లో తువల్‌లోని స్టెఫాన్ డి వోల్ఫ్ బృందం ఈ పద్ధతిలో, గరుకు ఉపరితలం గల సిలికాన్ ఘటంపై పెరోవ్‌స్కైట్‌ను పూసి జంటఘటాన్ని తయారుచేసింది. జంటఘటంలో పై పొర ఎండలోని నీలి, ఆకుపచ్చ కిరణాలను, కింది సిలికాన్ ఎరుపు, పరారుణ కిరణాలను గ్రహిస్తాయి. సిలికాన్ ఒంటరిగా 29.4 శాతాన్ని మించలేదని సిద్ధాంతం చెబుతున్నది. ఈ బృందపు జంటఘటం 2023లో 33.7 శాతాన్ని అందుకొని ఆనాటికి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది చివర చైనా కంపెనీ లాంగీ 33.9 శాతంతో దానిని దాటింది.

పత్రికలలో పెద్దక్షరాలతో వచ్చేవి ఈ అంకెలే. కర్మాగారపు మనిషి అడిగే ప్రశ్నలు వేరు. స్లాట్ డై యంత్రానికి తొట్టెలో, గొట్టాలలో, పంపులో సిరా ఎల్లవేళలా నిండి ఉండవలె. ఉదయం షిఫ్టులో పూసిన పలకకు, రాత్రి షిఫ్టులో పూసిన పలకకు తేడా ఉండరాదు. కొల్లాయిడ్ కణాలు పెరిగి చీలికలో అడ్డుపడితే పొరపై పొడవునా గీత పడుతుంది. చెడిన సిరాను పారబోయడమూ చిన్న విషయం కాదు. దానిలో సీసం ఉంది, చర్మం గుండా ఒంటిలోకి చేరి కాలేయానికి హానిచేసే డైమిథైల్ ఫార్మమైడ్ ఉంది. ఎడారిలో పారబోసినంత మాత్రాన అవి మాయం కావు. సిరా ఒక రోజు ఎక్కువ నిలిస్తే, ఆ మేరకు పారబోసే విషం తగ్గుతుంది. ఆ పని చేయవలసివచ్చే కార్మికులకు ఇది అంకెల సంగతి కాదు.

సిరా బాగున్నంతనే ఘటం చిరాయువు కాదన్నది కూడా చెప్పుకోవాలి. ఘటానికి వేరే పరీక్షలున్నాయి. 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో వెయ్యి గంటలు నిలవడం పరిశ్రమ పెట్టుకున్న ఒక ప్రమాణం. 2022లో తువల్ బృందం ప్రకటించిన పెరోవ్‌స్కైట్ ఘటాలు ఆ గడువు దాటిన తర్వాత కూడా తొలి సామర్థ్యంలో 95 శాతాన్ని నిలుపుకున్నాయి. అదే విశ్వవిద్యాలయంలో ఒక జంటఘటాన్ని ఆరుబయట, ఎర్రసముద్రపు ఉప్పుగాలిలో, దుమ్ములో, ఎండలో ఏడాదిపాటు ఉంచితే 80 శాతం మిగిలింది. పెట్టెలోని పరీక్షకు, ఆకాశం కింది పరీక్షకు ఉన్న అంతరం ఇది. సిలికాన్ పలకలకు పాతికేళ్ల హామీ ఇచ్చే బజారులో, ఏడాదికి ఐదో వంతు కోల్పోయే పలకను ఎవరూ కొనరు. ఈ నష్టంలో సిరా పాలు ఎంత, ఘటపు ఇతర పొరల పాలు ఎంత అని తేల్చాలంటే, ముందు ప్రతి ఘటమూ ఒకే రకమైన సిరాతో పుట్టి ఉండాలి. లేకపోతే రెండు ఘటాలను పోల్చడం వేరువేరు విత్తనాలు చల్లి ఎరువులను పోల్చినట్లవుతుంది.

సీసం బదులు కొంత తగరాన్ని వాడే ఘటాలలో సిరా సమస్య మరీ తీవ్రం. తగరపు అయాను ఆక్సిజన్ కోసం కాచుకొని ఉంటుంది. గాలి తగలకుండా ఎంత జాగ్రత్తపడినా అది ఆక్సీకరణం చెందుతూనే ఉండటం పరిశోధకులను చాలాకాలం వేధించింది. తువల్‌లో విపరీత ద్రావణీయతను వెలికితీసిన సైదామినోవ్ తర్వాత కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. 2020లో అతని బృందం అసలు దొంగను పట్టుకున్నది. అది బయటి గాలి కాదు. అందరూ వాడుతున్న డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రావణియే వేడి తగిలినప్పుడు తన ఆక్సిజన్‌ను తగరానికి అప్పగించి, తాను డైమిథైల్ సల్ఫైడ్‌గా మారుతున్నది. గాజుపెట్టెలో ఎంత శుద్ధమైన నైట్రోజన్ నింపినా ప్రయోజనం లేకపోయింది. ఆక్సిజన్ మొదటినుండీ సీసాలోపలే ఉన్నది. ఆ తర్వాత తగరపు సిరాలకు ఆ ద్రావణి లేని మిశ్రమాలను వెదకడం మొదలయింది.